చిట్టిబాబు (వైణికుడు)

చిట్టిబాబు (అక్టోబరు 13, 1936 - ఫిబ్రవరి 9, 1996) ప్రఖ్యాత వైణికుడు, స్వరకర్త. ఈయన అసలు పేరు చల్లపల్లి హనుమాన్లు. ఈమని శంకరశాస్త్రికి ముఖ్య శిష్యుడు. కర్ణాటక సంగీత కచేరీలలో కీర్తనలను, రాగతానపల్లవులను వాయిస్తూనే కోకిల కూతను, గంటల మ్రోతను, వేదఘోషను వీణపై పలికించి, శాస్త్రీయ సంగీతంతో పరిచయం లేని శ్రోతలను సైతం ఆ వాద్యం వైపు ఆకర్షించాడు. ఈయన వాయించిన "కొమ్మలో కోయిల" దక్షిణ భారతమంతటా పేరు పొందిన వీణా రచన. సింథసైజరు వంటి ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకే సాధనంపై అనేక ధ్వనులను సృష్టించటం ప్రారంభించిన కాలంలోనే, చేతివ్రేళ్ళతో మీటే ప్రాచీన వాద్యం నుండి ఈయన ఆ వైవిధ్యాన్ని సాధించాడు.

బాల్యం

చిట్టిబాబు తూర్పు గోదావరి జిల్లా కాకినాడలో చల్లపల్లి రంగారావు, సుందరమ్మ దంపతులకు జన్మించాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హనుమాన్లు కాగా, ఇంట్లో ముద్దుగా పిలుచుకొన్న చిట్టిబాబు అన్న పేరే తరువాత స్థిరపడిపోయింది. తండ్రి సంగీతాభిమాని, వీణ వాయించేవాడు. ఒకనాడు తండ్రి సాధన చేస్తుండగా దొర్లిన అపస్వరాన్ని పసివాడైన చిట్టిబాబు సరిదిద్దాడనీ, అది చూసి తండ్రి అతనికి వీణ నేర్పించాలని నిశ్చయించుకొన్నాడనీ చెబుతారు. ఐదవ యేట వీణ చేపట్టిన చిట్టిబాబు పన్నెండవ యేట తొలి కచేరీ చేశాడు.

కాకినాడ పరిసరాలు అప్పటికే వీణకు పేరుపడినవి. సమీపంలోని పిఠాపురం సంస్థానంలో ఆస్థాన వైణికుడైన తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వాదనను విన్న రవీంద్రనాథ టాగూరు ఆయనను శాంతినికేతనానికి రప్పించుకొన్నాడు. ఉత్తరాన విజయనగరం, బొబ్బిలి సంస్థానాలు వైణికులను పోషించాయి. సాహిత్యాన్ని గాయకుని వలె పలికించటానికి తంజావూరు వైణికులు ప్రాధాన్యమిచ్చారు. ఆంధ్ర వైణికులు దానితో పాటు మీటులోని స్పష్టతకు, వేగానికి, వాద్యానికే ప్రత్యేకమైన ప్రయోగాలకు పేరు పొందారు. చిట్టిబాబు ఈ వాతావరణంలో పెరిగాడు.

గురువు

ప్రాథమిక శిక్షణ కాకినాడ ప్రాంతంలోనే జరిగిన తరువాత చిట్టిబాబు ఈమని శంకరశాస్త్రి (1922 - 1987) శిష్యరికంలో చేరాడు. ద్రాక్షారామంలో జన్మించిన శంకరశాస్త్రి తన తండ్రి ఈమని అచ్యుతరామశాస్త్రి వద్ద వీణ నేర్చుకొన్నాడు. మద్రాసులో జెమినీ స్టూడియోలోనూ, తరువాత ఆకాశవాణిలోనూ పనిచేశాడు. వీణను గాత్రానికి అనుకరణగా మాత్రమే చూడకుండా, వాద్యంగా దానికున్న శక్తులను వెలికితీయాలన్నది ఆయన మార్గం. హిందూస్తానీ విద్వాంసులతో జుగల్బందీలు చేశాడు, వీణకోసమే ప్రత్యేక రచనలు చేశాడు. శిష్యుడు ఈ మార్గాన్ని అందిపుచ్చుకొని మరింత ముందుకు తీసుకొనివెళ్ళాడు.

మద్రాసు, సినిమా రంగం

1948లో చిట్టిబాబు కుటుంబం మద్రాసుకు తరలివెళ్ళింది. భరణీ పిక్చర్స్ వారి లైలా మజ్ను (1949) చిత్రంలో చిట్టిబాబు బాలనటునిగా కనిపించాడు. పి.ఎస్.రామకృష్ణారావు దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు, భానుమతి నాయికా నాయకులు. అయితే నటన ఈయన వృత్తి కాలేదు.

ఆ తరువాత 1960ల ఆరంభం వరకు సినిమా వాద్యబృందాలలో వీణ వాయించాడు. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, విశ్వనాథన్ - రామమూర్తి వంటి సంగీత దర్శకుల వద్ద పనిచేశాడు. నాటి సినిమా పాటలలో రాజాస్థానాలకు, దేవాలయాలకు, సరస్వతీ స్తుతులకు వీణ తప్పనిసరి. కొద్ది క్షణాలు మాత్రమే వినిపించే ఒక వీణాఖండంతో సన్నివేశానికి కావలసిన భావాన్ని కలిగించటం, మైకుకు ఎంత దూరంలో ఎంత బలంగా మీటాలో తెలుసుకోవటం స్టూడియో కళాకారునికి అవసరమైన విద్యలు. ధ్వని గుణంపై చిట్టిబాబుకు గల పట్టుకు కచేరీ శిక్షణతో పాటు ఈ అనుభవం కూడా తోడ్పడింది.

సి.వి.శ్రీధర్ దర్శకత్వంలో 1964లో వచ్చిన కలైకోయిల్ అనే తమిళ చిత్రం వైణికుల జీవితం ఇతివృత్తంగా కలది. విశ్వనాథన్ - రామమూర్తి సంగీతం సమకూర్చిన ఈ చిత్రంలోని వీణావాదనం చిట్టిబాబుదే. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన దిక్కట్ర పార్వతి (1974) అనే తమిళ చిత్రానికి ఈయన సంగీత దర్శకత్వం వహించాడు. రాజాజీ కథ ఆధారంగా తీసిన ఈ చిత్రం ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

వీణ నిర్మాణం

చిట్టిబాబు సాధించినది అర్థం కావటానికి ఆ వాద్యం పరిమితులు తెలియాలి. నేడు వాడుకలో ఉన్న సరస్వతీ వీణ రూపం 17వ శతాబ్దంలో తంజావూరు పాలకుడు రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని చెబుతారు. పనసకర్రతో చేసిన కుండ, దండి, చివర యాళి ముఖం, దండి క్రింద బుర్ర దీని ముఖ్య భాగాలు. బొబ్బిలి వీణలను ఒకే మానుతో తొలుస్తారు. దండిపై మైనంతో నిలిపిన 24 మెట్లు ఉంటాయి. స్వరాలు వాయించటానికి నాలుగు తంత్రులు, శ్రుతి తాళాలకు ప్రక్కన మూడు తంత్రులు ఉంటాయి.

వీణ నాదం మధురమైనదే కాని చిన్నది. పెద్ద సభలో వెనుక వరుసల వారికి వినిపించదు. మీటిన వెంటనే గరిష్ఠ స్థాయికి చేరి, ఆ క్షణం నుండి తగ్గటం మొదలుపెడుతుంది. కమాను వాద్యమైన వయొలిన్ వలె, గాలి వాద్యమైన వేణువు వలె స్వరాన్ని కోరినంతసేపు నిలపటం దీనిపై సాధ్యం కాదు. ఈ లోటును తీర్చేది గమకం. ఎడమచేతి వ్రేళ్ళతో తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగినప్పుడు దాని బిగువు పెరిగి స్వరస్థాయి హెచ్చుతుంది. ఒకే మెట్టుపై నాలుగైదు అర్ధస్వరాల ఎత్తువరకు ఇలా లాగవచ్చు. ఒక్క మీటులో పుట్టిన నాదం అణగిపోయేలోగా రాగానికి కావలసిన కదలికలన్నిటినీ పలికించటమే వైణికుని విద్య.

వీణ గుర్రంపై ఉండే లోహపు పలక కొద్దిగా వంపు కలిగి ఉంటుంది. తంత్రి కంపిస్తున్నప్పుడు ఆ వంపును తాకుతూ విడుతూ ఉండటం వలన నాదంలో అనుస్వరాలు సమృద్ధిగా వినిపిస్తాయి. సాధారణ సూత్రం ప్రకారం తంత్రిని ఏ బిందువు వద్ద మీటితే అక్కడ నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినిపించకూడదు. తంబురా, వీణలలో అవి కూడా వినిపిస్తాయని చంద్రశేఖర వేంకట రామన్ 1921లో ప్రకటించిన పరిశోధనా వ్యాసంలో వివరించాడు.

వాదన శైలి

చిట్టిబాబు వాదనలో మొదట గమనానికి వచ్చేది నాదం. మీటు శబ్దం గరగరలాడకుండా, తంత్రి ఒరిపిడి వినిపించకుండా స్వరం శుభ్రంగా పుట్టటం ఈయన ప్రత్యేకత. అతి మృదువైన స్వరం నుండి గంభీరమైన మంద్రస్థాయి వరకు నాద పరిమాణాన్ని కోరిన విధంగా మార్చగలిగేవాడు. ఈ అదుపు వల్లనే ఇతర ధ్వనులను వీణపై స్ఫురింపజేయటం సాధ్యమైంది.

కోకిల స్వరం

మగ కోకిల కూత ఒక స్థాయి నుండి పైస్థాయికి జారుతూ వెళుతుంది. మళ్ళీ మళ్ళీ కూసేకొద్దీ శ్రుతి, బలం పెరిగి హఠాత్తుగా ఆగిపోతుంది. వీణపై లాగుడు గమకం సహజంగా పై స్వరానికే తీసుకొనివెళుతుంది కనుక ఈ కూతకు అది అనుకూలమైనది. అయితే మీటు శబ్దం వినిపిస్తే పక్షి కూత అన్న భ్రాంతి చెదురుతుంది. మీటును వీలైనంత మెత్తగా చేసి, నాదమంతా లాగుడులో వినిపింపజేయాలి. కొమ్మలో కోయిల రచనకు ఈ సౌకుమార్యమే ప్రాణం. కచేరీలలో దీనిని వాయించమని శ్రోతలు కోరటం పరిపాటి అయింది.

గంటల మ్రోత

తంత్రి నుండి పుట్టే అనుస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలు అనే పూర్ణసంఖ్యల నిష్పత్తిలో ఉంటాయి. లోహపు గంటలో అవి అలా ఉండవు. అందువల్లనే గంట మ్రోతలో ఒకేసారి అనేక శ్రుతులు కలగాపులగంగా వినిపిస్తాయి. తంత్రీ వాద్యంపై దీనిని స్ఫురింపజేయాలంటే ఒకటికి మించిన తంత్రులను కలిపి మీటటం, తంత్రిని నొక్కకుండా నిర్ణీత బిందువు వద్ద తేలికగా తాకి అనుస్వరాలను మాత్రమే రాబట్టటం, తాళపు తంత్రులను ఆపకుండా మ్రోగనివ్వటం మొదలైన మార్గాలున్నాయి. చిట్టిబాబు దేవాలయ ఘంటానాదాన్నీ, పాశ్చాత్య సంగీతపు ఛాయలనూ ఇతివృత్తాలుగా గ్రహించి వీణకు రచనలు చేశాడు.

వేదఘోష

వేదపఠనం ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే కొద్దిపాటి స్వరస్థాయిలలో సాగుతుంది. విస్తారమైన సంచారం ఉండదు. దాని గాంభీర్యం మంద్రస్థాయిలోనూ, అనేక కంఠాలు కలిసి పలికే నిండుదనంలోనూ ఉంది. వీణలోని మంద్ర, అనుమంద్ర తంత్రులు దీనికి తగినవి. కోకిల కూతకు కావలసిన లాలిత్యం, వేదఘోషకు కావలసిన గాంభీర్యం రెండూ ఒకే వాద్యంపై ఒకే చేతిలో పలకటం విమర్శకుల ప్రశంసలందుకొంది.

ఎలక్ట్రానిక్ వాద్యాలతో పోలిక

చిట్టిబాబు జీవించిన కాలం ఎలక్ట్రానిక్ వాద్యాలు పుట్టి పెరిగిన కాలం. 1954లో వచ్చిన నాగిన్ హిందీ చిత్రంలో పాములవాని నాగస్వరాన్ని క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డుపై కల్యాణ్‌జీ పలికించాడు. హేమంత్ కుమార్ సంగీత దర్శకత్వంలోని ఆ పాటలు దేశమంతటా మారుమ్రోగాయి. 1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్ తన సింథసైజరును ప్రదర్శించాడు. దానిపై వాయించిన బాక్ రచనలు 1968లో రికార్డుగా వెలువడి పాత సంగీతానికి కొత్త శ్రోతలను తెచ్చాయి. 1977లో జపానుకు చెందిన రోలాండ్ సంస్థ జీఆర్-500 అనే గిటారు సింథసైజరును విడుదల చేసింది. గిటారు తంత్రులు ఒక్కొక్కదాని కంపనాన్ని విడివిడిగా గ్రహించి, ఆ సంకేతాలతో సింథసైజరును నడిపించే ఏర్పాటు ఇది. గిటారిస్టు తన వాద్యాన్నే మీటుతూ తీగ వాద్యబృందం వంటి ఇతర ధ్వనులను వినిపించే అవకాశం దీనితో కలిగింది.

ఇటువంటి సాధనంలో పాత వాద్యం ధ్వనిని తిరిగి కల్పించేటప్పుడు మూడు అంశాలను నిర్ణయించాలి. మొదటిది తరంగ రూపం, అంటే ఏ అనుస్వరాలు ఎంత పాళ్ళలో ఉండాలన్నది. రెండవది ఫిల్టరు, అంటే వాటిలో వేటిని అణచాలన్నది. మూడవది ధ్వని కాలక్రమంలో ఎలా పుట్టి, ఎలా నిలిచి, ఎలా తగ్గాలన్నది. దీనిని సింథసైజరు పరిభాషలో ఎన్వలప్ అంటారు. వీణపై ఈ మూడూ వైణికుని చేతిలోనే ఉన్నాయి. గుర్రానికి దగ్గరగా మీటితే పదునైన నాదం, దూరంగా మీటితే మెత్తని నాదం పుడుతుంది. గోటితో మీటితే ఒక విధంగా, వ్రేలి కండతో మీటితే మరొక విధంగా ధ్వని ఆరంభమవుతుంది. తంత్రిని తాకి ఆపటం, మ్రోగనివ్వటం ద్వారా దాని నిడివి మారుతుంది. సింథసైజరులో బొత్తాలతో ముందుగా అమర్చుకొనే వాటిని వైణికుడు ప్రతి స్వరానికీ అప్పటికప్పుడు నిర్ణయించుకొంటాడు.

వీణ నాదాన్ని సింథసైజరులో కల్పించటం మాత్రం తేలిక కాదు. అందుకు కారణాలు ఇవి:

* శ్రుతి గుర్తింపు: తంత్రి ఏ స్వరం పలుకుతున్నదో సాధనం గుర్తించటానికి కనీసం ఒకటి రెండు కంపనాలు పూర్తి కావాలి. గిటారు అడుగు తంత్రి సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. అంటే ఒక కంపనానికే దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది. వేగంగా సాగే వాదనలో ఈ ఆలస్యం వాయించే వానికి తెలిసిపోతుంది.
* గమకం: మిడి విధానంలో స్వరాన్ని పైకి క్రిందికి జరిపే పరిధి సాధారణంగా రెండు అర్ధస్వరాలకు అమర్చి ఉంటుంది. వీణ గమకానికి ఇది చాలదు. ఈ పరిధిని పెంచుకొంటే తప్ప రాగం పలకదు.
* గుర్రం: వంపు గల గుర్రం వలన పుట్టే అనుస్వరాల పాళ్ళు ప్రతి క్షణమూ మారుతూ ఉంటాయి. స్థిరమైన తరంగ రూపంతో ఆ జీవం రాదు.

1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రకటించిన పద్ధతితో మీటిన తంత్రి నాదాన్ని కంప్యూటరుపై గణించటం సులభమైంది. 1991లో రూపొందిన జనరల్ మిడి ప్రమాణంలో 128 ధ్వనులకు సంఖ్యలు కేటాయించారు. అందులో 105వ సంఖ్య సితారుకు లభించింది కాని వీణకు స్థానం దొరకలేదు. ప్రపంచమంతటా ఒకే పట్టికను అనుసరించే కీబోర్డులలో వీణ స్వరం వినిపించాలంటే సితారునే మార్చి వాడుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. వాద్యం ఎంత ప్రాచీనమైనదైనా, దాని ధ్వనిని పదిమందికీ తెలియజేసే కళాకారులు లేకపోతే కొత్త సాధనాలలో దానికి చోటు దొరకదనటానికి ఇది నిదర్శనం. చిట్టిబాబు వంటివారి రికార్డుల ప్రాముఖ్యం ఇక్కడ తెలుస్తుంది. వీణ నాదాన్ని తిరిగి కల్పించదలచినవారికి అవి నమూనాలుగా ఉపకరిస్తాయి.

భిన్నాభిప్రాయాలు

వీణపై ప్రకృతి ధ్వనులను, పాశ్చాత్య ఛాయలను పలికించటంపై సంగీతజ్ఞులలో రెండు అభిప్రాయాలున్నాయి. రాగభావమే వీణకు పరమార్థమనీ, అనుకరణ రచనలు శ్రోతను చమత్కారం వైపు మళ్ళిస్తాయనీ సంప్రదాయవాదుల వాదన. శ్రోతలు తగ్గిపోతున్న వాద్యానికి కొత్తవారిని పరిచయం చేయటం ముఖ్యమనీ, ఒకసారి వీణను ప్రేమించినవారు తరువాత కీర్తనలను కూడా వింటారనీ మరికొందరి వాదన. ధ్వనివర్ధకాల వాడకంపైనా ఇటువంటి చర్చే సాగింది. వీణకు మైకు అమర్చితే సహజ నాదం మారుతుందన్నది ఒక పక్షం కాగా, మైకు లేనిదే వేయిమంది కూర్చొన్న సభలో వీణకు చోటే ఉండదన్నది రెండవ పక్షం.

చిట్టిబాబు కచేరీ నిర్మాణం ఈ వివాదానికి ఒక విధమైన సమాధానం. త్యాగరాజాదుల కీర్తనలు, రాగాలాపన, తానం ఈయన కచేరీలలో ప్రధాన భాగంగానే ఉండేవి. వర్ణనాత్మక రచనలు వాటి తరువాత వచ్చేవి. ఈయనకు సమకాలికుడైన ఎస్.బాలచందర్ (1927 - 1990) గురువు లేకుండా స్వయంకృషితో వీణ నేర్చి, దీర్ఘమైన లాగుడు గమకాలతో మరొక మార్గాన్ని ఏర్పరచాడు. భిన్న శైలులు గల వీరిద్దరూ 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో వీణను ఏకవాద్య కచేరీ స్థాయిలో నిలిపినవారిలో ముఖ్యులు.

రికార్డులు

గ్రామఫోను కంపెనీ ఆఫ్ ఇండియా హెచ్.ఎం.వి. ముద్రతో చిట్టిబాబు వీణావాదనను రికార్డులుగా విడుదల చేసింది. వీటిలో త్యాగరాజ కీర్తనలతో పాటు ఈయన సొంత రచనలు కూడా ఉన్నాయి. మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్ అనే రికార్డు సొంత రచనలతో వెలువడినది. హిందూస్తానీ విద్వాంసులతో కలిసి జుగల్బందీలు కూడా చేశాడు. దేశంలోని ముఖ్య నగరాలలోనూ, విదేశాలలోనూ కచేరీలు చేశాడు.

పురస్కారాలు

* మైసూరు మహారాజు జయచామరాజ వడయారు నుండి వైణిక శిఖామణి బిరుదు
* తమిళనాడు ప్రభుత్వం నుండి కలైమామణి
* ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కళాప్రపూర్ణ
* 1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం

మరణం

చిట్టిబాబు 1996 ఫిబ్రవరి 9న మద్రాసులో మరణించాడు. అప్పటికి ఈయన వయస్సు 59 సంవత్సరాలు. గురువు శంకరశాస్త్రి మరణించిన తరువాత ఎనిమిదేళ్ళకే శిష్యుడు కూడా మరణించటం ఆంధ్ర వీణా సంప్రదాయానికి తీరని లోటు.

ప్రభావం

ఈయన వద్ద శిక్షణ పొందినవారిలో రాజేష్ వైద్య ఒకడు. విద్యుత్ వీణపై శాస్త్రీయ రచనలను, సినిమా పాటలను వాయిస్తూ ఆయన యువ శ్రోతలలో పేరు పొందాడు. చిట్టిబాబు చేతితో సాధించిన ధ్వని వైవిధ్యానికి తరువాతి తరంలో ఎలక్ట్రానిక్ పరికరాలు తోడయ్యాయి. అయినా కొమ్మలో కోయిలను వాయించదలచిన విద్యార్థి నేటికీ మెత్తని మీటును, నిండైన లాగుడును సాధన చేయవలసిందే. వీణ నేర్చుకొనేవారు ఈ రచనను ఇప్పటికీ వాయిస్తూ ఉంటారు. సంగీతం తెలియనివారు కూడా దీనిని విని గుర్తుపట్టగలగటం చిట్టిబాబు కృషికి ఫలితం.

ఇవి కూడా చూడండి

* ఈమని శంకరశాస్త్రి
* వీణ
* బొబ్బిలి వీణ
* తుమరాడ సంగమేశ్వరశాస్త్రి
* ఎస్.బాలచందర్